సారా అని చెప్పింది, శారా అని రాశాను

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక ఏఎన్‌ఎం అమ్మాయి నారాయణఖేడ్‌లో మా ఇంటికి వచ్చింది. చాయ్ తాగుతూ, "అమ్మా, నీ నౌకరిల నువ్వు చేసిన పెద్ద తప్పు ఏంది?" అని అడిగింది. ఏదో సూదిమందు గురించో, ఆలస్యంగా పంపిన కేసు గురించో చెబుతాననుకుని ఉంటుంది. "ఒక అక్షరం తప్పు రాసిన" అన్నాను. ఆ పిల్ల నవ్వేసింది. నవ్వడం న్యాయమే. కానీ ఆ అక్షరం పొరపాటున పడింది కాదు. పెన్ను పట్టుకొని, ఆగి, ఆలోచించి రాసింది. ఆ రోజు ఆ పిల్లకు పూర్తిగా చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. మీలో ఎవరి చేతిలోనైనా ఇంకొకరి బిడ్డ పేరు పడుతుంది కదా, వాళ్ల కోసం.

నేను ఏఎన్‌ఎంగా చాలా ఏళ్లు పనిచేసిన ఆరోగ్య ఉపకేంద్రం నాగల్‌గిద్ద దాటాక, కర్ణాటక సరిహద్దు దగ్గర ఒక ఊళ్లో ఉండేది. రెండు గదులు, ఒక వరండా, మూడు వైపులా కంది చేలు. ఊళ్లో కొన్ని ఇళ్లలో కన్నడం, కొన్ని ఇళ్లలో ఉర్దూ. బజారులో తెలుగు. తిట్లు మాత్రం మూడింటిలోనూ వినపడేవి. నేను మెదక్ వైపు నుంచి వెళ్లినదాన్ని. మొదటి నెలంతా సగం మాటలు అర్థం కాక, అన్నిటికీ తల ఊపేదాన్ని. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఆ ఊరిని నాకు విడమరిచి చెప్పింది అక్కడి ఆయా.

ఆమె నాకన్నా పదేళ్లు పెద్ద. ముస్లిం. భర్త సంతలు తిరిగి గాజులు అమ్మేవాడు. నేను ఆమెను 'ఆపా' అని పిలిచేదాన్ని, అంటే అక్క అని. ఆమె నన్ను 'సిస్టరమ్మా' అనేది. కాగితం మీద ఆమె పని గదులు ఊడ్వడం, నీళ్లు పట్టడం. నిజానికి నాకు కాన్పు చేయడం వచ్చింది ఆమె వల్లే. ట్రైనింగులో నేను బొమ్మ మీద నేర్చుకున్నాను. ఆమె తల్లి ఆ ఊరి మంత్రసాని, తల్లి వెంట తిరుగుతూ ఆపా ఎనిమిదేళ్లకే మొదటి కాన్పు చూసింది.

"చేతులతోని కాదు సిస్టరమ్మా, చెవులతోని చెయ్యాలె. ఆమె ఎట్ల మూలుగుతుందో ఇను. గప్పుడు తెలుస్తది ఎంత సేపు ఉన్నదో" అనేది.

పెళ్లై పంతొమ్మిదేళ్లయినా ఆమెకు పిల్లల్లేరు. ఆ ఊరి పిల్లల్ని మొదట ఎత్తుకునేది మాత్రం ఆమే. స్నానం చేయించి, గుడ్డలో చుట్టి, తల్లి పక్కన పడుకోబెట్టే ముందు ఒక్క క్షణం ఎక్కువ పట్టుకునేది. నేను చూడనట్టు రిజిస్టరు తిరగేసేదాన్ని. ఆ క్షణం ఏమిటో నాకూ తెలుసు.

పెళ్లైన రెండో ఏడు నాకు ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. ఆ తర్వాత నాకు మళ్లీ నిలవలేదు. ఆ పిల్లకు పేరు ముందే అనుకొని పెట్టుకున్నాను, శారా అని. మేము క్రైస్తవులం. మా చర్చిలో ఆ పేరు వింటూ పెరిగాను. అబ్రాహాము భార్య. పిల్లల్లేక లేక, ముసలితనంలో తల్లయిన మనిషి. నా పిల్ల పోయాక ఆ పేరు ఎక్కడా రాయలేదు. మా ఆయన కూడా ఎత్తేవాడు కాదు. ఆపాకు ఒక్కదానికే చెప్పాను, ఒక మధ్యాహ్నం వరండాలో జొన్నలు చెరుగుతూ.

ఆమె చేట ఆపింది. "మా దాంట్ల గూడ ఉన్నది గదా! బీబీ సారా. ఇబ్రహీం పైగంబర్ బీబీ. ముసలిదయ్యినంక ఫరిష్తాలు, గదే మీ దేవదూతలు, వచ్చి నీకు కొడుకు పుడ్తడని చెప్తే నవ్విందంట."

"మా దాంట్లనూ నవ్వింది" అన్నాను.

"నవ్వదా మరి? గా ఉమర్‌ల, గంత వయసుల!"

ఇద్దరం నవ్వాం. వాళ్లింట్లో సారా, మా ఇంట్లో శారా. ఒకే ముసలావిడ. ఆ రోజు తర్వాత మేమిద్దరం ఇంకొంచెం దగ్గరయ్యాం.

ఆపాకు నలభై రెండో ఏట ముట్టు ఆగిపోయింది. వయసు అయిపోయిందిలే అనుకుంది. మూడు నెలలు గడిచాక నీళ్ల బకెట్ ఎత్తబోయి వాంతి చేసుకుంటే, ఊరికే చూద్దామని పరీక్ష చేశాను. రెండుసార్లు చేశాను. చెప్పాను. ఆమె నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని భుజాలు ఊగిపోయేలా నవ్వి, తర్వాత గోడకు ఆనుకొని నేల మీద కూర్చుండిపోయింది. చాలాసేపటికి లేచి బకెట్ తీసుకుంటూ, "ఆడపిల్లయితే సారా" అంది. ఆ బకెట్ నేనే మోశాను.

ఏడో నెల నుంచి ఆమెకు బీపీ పెరుగుతూ వచ్చింది. ఆ వయసులో తొలి కాన్పు మా రెండు గదుల్లో జరగకూడదు. చివరి పదిహేను రోజులు పెద్ద దవాఖానలోనే ఉంచాలని మాట్లాడుకున్నాం. ఆ పదిహేను రోజులు ఇంకా మొదలు కాలేదు. ఒక టీకాల రోజు, వరండా నిండా తల్లులు పిల్లలను ఎత్తుకొని కూర్చున్నారు. కార్డులు అందిస్తున్న ఆపా ఉన్నట్టుండి బల్ల అంచు పట్టుకుంది. చూసేసరికి కాళ్ల దగ్గర నీళ్లు.

ఫోను చేస్తే అంబులెన్సు వచ్చే రోజులు కావు. ఊళ్లో ఉన్న ఒక్క జీపు సంతకు పోయిందన్నారు. ఆమెను లోపల పడుకోబెట్టాను. అప్పటికి ఆ గదిలో ఎన్నో కాన్పులు చేశాను. కానీ ప్రతిసారీ నా పక్కన నిలబడి చెప్పే మనిషి ఈసారి బల్ల మీద ఉంది.

"సిస్టరమ్మా, నా మొఖం చూడకు. కింద చూడు" అంది పళ్లు బిగబట్టి. "జల్దీ చెయ్యకు. ఆగు. నేను చెప్పినప్పుడు పట్టు."

తన కాన్పు తానే చేసుకుంది, నా చేతులతో. బయట సూది వేయించుకున్న పిల్లలు ఏడుస్తున్నారు. లోపల పాప బయటికి వచ్చింది, ఏడవలేదు. నోరు తుడిచాను. వీపు రుద్దాను. అరికాళ్ల మీద వేలితో కొట్టాను.

"ఏమాయె? సిస్టరమ్మా, ఏమాయె?"

ఇంకోసారి వీపు రుద్దాను. అప్పుడు ఏడ్చింది. సన్నగా మొదలుపెట్టి, తర్వాత బయటి పిల్లలందరినీ మించి ఏడ్చింది. వరండాలోంచి ఎవరో, "ఏం బిడ్డ?" అని కేక వేశారు.

"ఆడబిడ్డ!" అన్నాను.

"ఇయ్యి, ఇటియ్యి" అంది ఆపా, రెండు చేతులూ చాపి.

నేను వెంటనే ఇవ్వలేదు. ఒక్క క్షణం ఎక్కువ పట్టుకున్నాను. ఆమె చూసింది.

నలభై రోజులు ఆమె ఇల్లు దాటలేదు. పుట్టుక నమోదు కాగితం నింపి పంచాయతీ ఆఫీసుకు తీసుకెళ్లడం నా పని. పేరు గడి ఖాళీగా వదిలేసి తర్వాత రాయించుకోవచ్చు. కానీ ఆపా ఒప్పుకోలేదు. "పేరుతోనే ఎక్కాలె నా బిడ్డ" అంది.

కార్యదర్శి నలభై దాటిన మనిషి, నవ్వుతూ పనిచేసే రకం. పేరు చెప్పగానే పెన్ను కింద పెట్టాడు.

"సారానా? మంచిగున్నది. చెల్లె పుడితే గుడుంబ అని పెడ్తరా సిస్టర్?"

నాకు ఒళ్లు మండింది. "అది పైగంబర్ బీబీ పేరు. మాకు గూడ పెద్దామె" అన్నాను.

"నాకు తెల్వదా? కని పోరగాండ్లకు తెలుస్తదా? గీ ఊళ్ల ఆడోళ్లంత ఒక్కటై సారా దుకాణం మూయించిన్రు. ఎన్ని ఇండ్లు కూలినయ్ దాంతోని! రేపు బడిల పేరు పిలిస్తే పోరిని ఏడిపియ్యరా? నాకేం, మీరు ఏది రాస్తే గదే ఎక్కిస్త." కాగితం నా వైపే తిప్పాడు.

ఇక్కడ అబద్ధం చెప్పను. అతను మార్చమనలేదు. తన మాట తాను చెప్పి ఊరుకున్నాడు. కాగితం నా ముందు ఉంది, పెన్ను నా చేతిలో ఉంది. 'స' బదులు 'శ' రాస్తే చాలు, పిల్లను ఎవరూ ఏడిపించరు. ఇది మంచి కారణమే. ఎవరికైనా చెప్పుకోగలిగిన కారణం. దాని అడుగున ఇంకొకటి ఉంది. ఆ పేరును ఒక్కసారైనా నా చేత్తో రాయాలని. బతికున్న పిల్ల పేరుగా రాయాలని. నా చేతుల్లో ఏడ్చిన పిల్లకు రాయాలని.

శారా అని రాశాను. పక్కన ఇంగ్లీషులోనూ అలాగే రాశాను. సమాచారం ఇచ్చినవారు అన్నచోట నా పేరు రాసి సంతకం పెట్టాను.

తిరిగి వచ్చి పత్రం ఇస్తే ఆపా దాన్ని రెండు కళ్లకూ అద్దుకుంది. ఆమెకు ఉర్దూ కూడబలుక్కొని చదవడం వచ్చు, తెలుగు రాదు.

"సారా అని రాసినవా?"

"రాసిన."

నేను చెప్పిన మొదటి అబద్ధం అది. రెండోది చెప్పడానికి ఐదేళ్లు పట్టింది.

పిల్లను బడిలో చేర్చబోతే అక్కడి టీచరు పత్రం చూసి, ఇందులో శారా అని ఉంది కదా అన్నదట. ఆపా గట్టిగా పట్టుబట్టి బడి రిజిస్టరులో సారా అనే రాయించింది. నేరుగా కేంద్రానికి వచ్చింది. నేను మందులు సర్దుతున్నాను.

"సిస్టరమ్మా, కాయితంల షారా అని ఉన్నదంట గదా?"

"కార్యదర్శి తప్పు రాసిండు కావచ్చు ఆపా. అడిగి దిద్దిపిస్త."

ఆమె నా వైపు చూసింది. ఎక్కువసేపేం కాదు. "అచ్ఛా" అంది. వెళ్లి ట్రేలు కడగడం మొదలుపెట్టింది.

నేను కార్యదర్శిని అడగలేదు. ఏమని అడుగుతాను? దిద్దించాలంటే నా చేతిరాత నేనే తప్పని చెప్పాలి. ఈ పోలియో చుక్కల పని అయ్యాక అనుకునేదాన్ని. ఈ రిపోర్టులు పంపాక అనుకునేదాన్ని. ఉద్యోగంలో సాకులకు కొదవ ఉండదు, ప్రతి నెలా కొత్తది ఒకటి పై నుంచే వస్తుంది. ఆ తర్వాత ఆరేళ్లు కలిసి పనిచేశాం. రంజాన్‌కు ఆమె గిన్నెతో షీర్‌కుర్మా తెచ్చేది, క్రిస్మస్‌కు పిల్ల మా ఇంట్లో కేకు తినేది. ఆపా మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మరిచిపోయిందనుకున్నాను. అలా అనుకోవడం సుఖంగా ఉండేది.

నాకు కల్హేర్ వైపు బదిలీ అయింది. నేను ఆ ఊరి నుంచి బయల్దేరే రోజు ఆపా తన భర్త గంపలోంచి ఏరి తెచ్చిన ఆకుపచ్చ గాజులు నా రెండు చేతులకూ ఎక్కించింది. తర్వాత ఆదివారాలు ఫోను చేసేది. "నీ బిడ్డ మంచిగ చదువుతుంది", "నీ బిడ్డకు జరమొచ్చి తగ్గింది" అనేది. పురుడు పోసినదాన్ని కాబట్టి అలా అంటోందనుకునేదాన్ని.

కల్హేర్‌లో రిజిస్టరులో పేర్ల గాలి మారడం చూశాను. ఎల్లమ్మలు, మొగులమ్మలు, మదార్‌బీలు వెనక పేజీల్లో ఉండిపోయారు. రెండక్షరాల పేర్లు మొదలయ్యాయి. ఒక రోజు కన్నడం మాట్లాడే దుకాణదారుల ఇంటి కోడలు పాపను తెచ్చి పేరు సారా అంది. నా పెన్ను ఆగిపోయింది.

"ఎవరు పెట్టిన్రు?"

"ఫోన్ల చూసినం మేడం. చిన్న పేరు. ఏ దేశమోళ్లకన్న నోరు తిరుగుతది."

పక్కనున్న అత్త నవ్వింది. "మా కన్నడల సారు అంటే చారు. అయినా ఏముంది, సారం ఉన్న పిల్ల అయితది" అంది.

తర్వాత అదే పేరు ఇంకా ఇంకా వచ్చింది. తురకల ఇళ్లలో, మా వాళ్ల ఇళ్లలో, ఆ రెండూ కాని ఇళ్లలో. ప్రతిసారీ ఒత్తి 'స' రాసేదాన్ని. ఒకసారి తప్పిన చేయి కదా.

ఆ రోజుల్లోనే మా చర్చికి వచ్చిన ఒక ముసలి పాస్టరును అడిగాను. ఆయన చిన్నప్పుడు హెబ్రీ చదువుకున్నాడు. ఒక పాత కవరు వెనక కుడి నుంచి ఎడమకు మూడు అక్షరాలు రాశాడు.

"రాజకుమారి అని అర్థం బిడ్డా. ఏలేటి ఇంటి ఆడామె. మొదట ఆమె పేరు వేరే ఉండె, ముసలితనంల దేవుడే మార్చిండు. ఇగ చూడు, గీ మొదటి అక్షరం. దీని నెత్తిన చుక్క ఎడమ దిక్కు పెడితే స, కుడి దిక్కు పెడితే ష. పాత రాతలల్ల చుక్కనే లేకుండె. చదివేటోనికే తెల్వాలె."

"మరి ఈ పేరుకు ఎటు దిక్కు?"

"ఎడమ. సారానే. మన తెలుగుల శారా అని ఎందుకు చేసిన్రో నాకైతే తెల్వదు."

ఆ కవరు సంచిలో పెట్టుకొని ఇంటికి నడిచాను. నా వేదంలోని పేరని నేను రాసుకున్నది, దాని అసలు రాత ప్రకారం కూడా తప్పే. ఆపా నోట పలికినదే సరైనది. ఆ ఆదివారం ఆమె ఫోను చేసినప్పుడు చెప్పేద్దామనుకున్నాను. ఆమె గొంతు నీరసంగా ఉంది. షుగరు ఎక్కువైందట. తర్వాత చెబుదాంలే అనుకున్నాను.

ఆ తర్వాత అనేది రాలేదు. ఆపా పోయిందని కబురు అంది, బస్సు దిగి, ఆటో పట్టుకొని వెళ్లేసరికి ఆమెను తీసుకెళ్లిపోయారు. ఇంట్లో ఆడవాళ్లు మాత్రమే ఉన్నారు. పదహారేళ్ల పిల్ల నా దగ్గరకు వచ్చి నీళ్ల గ్లాసు చేతిలో పెట్టింది. తాగాను. అంతకన్నా ఏమీ చేయలేదు.

నేను రిటైరై నారాయణఖేడ్‌లో స్థిరపడ్డాను. మా వీధిలోనే ఇప్పుడు ముగ్గురు సారాలు ఉన్నారు. ఎలక్ట్రీషియన్ కూతురు ఒకతె, మా చర్చి పిల్ల ఒకతె, కిరాణా దుకాణం వాళ్ల మనవరాలు ఒకతె. సాయంత్రం వాళ్ల తల్లులు పిలుస్తుంటే, చేస్తున్న పని ఆపి వింటాను. ఆ పేరు ఇలా బజారులో, ఎవరూ నవ్వకుండా, గొంతెత్తి పిలవడం ఆపా వినలేదు కదా అనిపిస్తుంది. ఆమె ఉంటే ఏమనేదో ఊహించుకుంటాను. ఊహలో కూడా ఆమె మాట సరిగా వినపడదు, నవ్వు మాత్రం వినపడుతుంది.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున గుమ్మం ముందు స్కూటీ ఆగింది. దిగిన పిల్లను చూడగానే ఆపా నుదురు, ఆపా నడక.

"ఖాలా" అంది. వాళ్ల మాటలో పిన్ని అని.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివిందట. ప్రభుత్వ దవాఖానలో ఉద్యోగానికి ఎంపికైందట. పత్రాలు చూసేటప్పుడు ఆపారు. అన్నిటిలో సారా, పుట్టిన పత్రంలో మాత్రం శారా. నెల రోజుల్లో దిద్దించుకొని రాకపోతే ఆ ఉద్యోగం వరుసలో తర్వాతి వాళ్లకు పోతుంది.

"పంచాయతీల పాత పుస్తకం తీసి చూసిన్రు ఖాలా. చెప్పినోళ్ల కాడ నీ సంతకం ఉన్నది. నువ్వు తప్పు పడ్డదని ఒక చిట్టీ రాసిస్తే పని అయితదన్నరు."

కాగితం తీసుకున్నాను. 'పొరపాటున' అనే మాట రాశాను. కొట్టేశాను. ఇంకో కాగితం తీసుకొని, జరిగింది జరిగినట్టు రాశాను. నా పిల్ల సంగతి, కార్యదర్శి అన్న మాట, నేను ఆగి ఆలోచించి రాయడం, ఆపాకు రెండుసార్లు అబద్ధం చెప్పడం. పేజీన్నర అయింది. పిల్ల చేతికి ఇచ్చాను.

నిలబడి చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"అమ్మీకి చెప్పినవా గిది?"

"లేదు."

"ఎందుకు?"

"భయపడ్డ."

"దేనికి?"

"నాతోని మాట్లాడదని."

ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి నాకే ఇచ్చేసింది. చాయ్ సగం తాగి వదిలేసింది. "రేపు పదింటికి బస్టాండ్‌ల ఉండు" అని స్కూటీ ఎక్కింది. ఆ మాటలో ఖాలా లేదు.

మర్నాడు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది, నేను ఇటు వైపు. బస్సు నాగల్‌గిద్ద దాటింది. కంది మోళ్లు మిగిలిన ఎర్ర చేలు వెనక్కి పోతున్నాయి. అప్పుడు, బయటికే చూస్తూ అంది.

"అమ్మీకి తెలుసు."

నాకు అర్థం కాలేదు.

"నేను బడిల చేరినప్పుడే పోయి కార్యదర్శిని అడిగిందంట. సిస్టరు చేతి రాతనే అని చూపిచ్చిండంట. నేను తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు దిద్దిపిద్దాం అమ్మీ అన్న. నక్కో, వద్దు అన్నది. నేను కొట్లాడిన. గప్పుడు చెప్పింది."

"ఏం చెప్పింది?"

ఆమె ఇటు తిరిగింది. "గామెకు ఒక బిడ్డ పుట్టి, అనుకున్న పేరు పెట్టకుంటనే పోయింది. గా పేరు నీ కాయితంల రాసుకున్నది. నా దగ్గర నువ్వున్నవ్. ఆమె దగ్గర కాయితమే ఉన్నది. నేను బతికినన్ని దినాలు దాన్ని గుంజుకోవద్దు. గట్ల అన్నది."

నేను ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను. నీ బిడ్డ, నీ బిడ్డ అని ఫోనులో ఆమె అన్న ఆదివారాలన్నీ ఒకేసారి మీద పడ్డాయి.

"నాతోని ఒక్క మాట ఎందుకు అనలేదు?"

"నువ్వే చెప్తవని చూసింది ఖాలా. చానా ఏండ్లు చూసింది."

బస్సు ఒక గుంతలో పడి లేచింది. నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను. కాసేపటికి అడిగాను.

"నా మీద కోపమున్నదా?"

"నిన్న చానా ఉండె. ఇయ్యాల కొంచెం ఉన్నది" అంది. అని, తన నీళ్ల సీసా మూత తీసి నాకు ఇచ్చింది.

పంచాయతీ ఆఫీసులో ఇప్పుడు కార్యదర్శి ముప్పై ఏళ్లు కూడా నిండని అమ్మాయి. నుదుట బొట్టు, బల్ల మీద కంప్యూటరు. దరఖాస్తు చూసి ముఖం విప్పారింది.

"సారానా! మా బిడ్డ పేరు గూడ సారానే. గింత మంచి పేరు, శారా అని ఎందుకు రాసిన్రు మేడం?"

"అప్పట్ల గా మాటకు మందు అని అర్థం ఉండె బిడ్డా."

"మందా? సారా అంటే మందా?" నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఇప్పుడు గట్ల ఎవ్వరంటలేరు మేడం. అందరు క్వార్టర్ అంటున్నరు."

పిల్ల కిసుక్కుమంది. నాకూ నవ్వు వచ్చింది. ఏ మాటకు భయపడుతున్నానని నాకు నేను చెప్పుకున్నానో, ఆ మాట వాసన కూడా మిగలలేదు.

నా పేజీన్నర కాగితం తీసి ఇచ్చాను. కార్యదర్శి నాలుగు లైన్లు చదివి ఇబ్బందిగా తల ఎత్తింది.

"మేడం, కావాలని మార్చిన అని రాస్తే పైన ఫైలు ఆగుతది. ఎంక్వైరీ అంటరు. పొరపాటున పడ్డది అని రెండు లైన్లు రాయండి, చాలు."

"కని అది పొరపాటు కాదు."

"పిల్ల ఉద్యోగం మేడం."

పిల్ల వైపు చూశాను. ఆమె నా కాగితం బల్ల మీంచి తీసుకొని, జాగ్రత్తగా మడిచి తన సంచిలో పెట్టుకుంది. "గిది నా దగ్గర ఉంటది. నువ్వు రెండు లైన్లు రాయి ఖాలా" అంది.

రాశాను. సర్కారు దస్త్రంలో అది ఇప్పటికీ పొరపాటే.

పదిహేను రోజులకు కొత్త పత్రం సిద్ధమైందని ఫోను వచ్చింది. పిల్లే వచ్చి నన్ను స్కూటీ మీద తీసుకెళ్లింది. పత్రం తీసుకున్నాక, నన్ను ఒకచోటికి తీసుకెళ్లమని అడిగాను. ఎక్కడికో చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది.

వాళ్ల ఖబరస్తాన్, ఆపా సమాధి ఉన్న చోటు, ఊరి చివర, కంది చేల అంచున ఉంది. నడుము ఎత్తు రాతి గోడ.

"మా ఊళ్ల ఆడోళ్లం లోపటికి పోం. ఈడికెల్లే చూస్తం. గా మూల, ఎర్రమట్టి కనపడ్తుంది సూడు, గదే" అని చూపించింది.

ఎండ ఇంకా పూర్తిగా ఎక్కలేదు. దూరంగా ఎవరో ట్రాక్టరు ఆపి కన్నడంలో మాట్లాడుకుంటున్నారు. గోడ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాను. సంచిలోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాను. పత్రం విప్పి పైకి చదవడం మొదలుపెట్టాను. ఊరు, మండలం. పుట్టిన తేదీ. తల్లి పేరు. తండ్రి పేరు. బిడ్డ పేరు అన్నచోట నా వేలు ఆగిపోయింది.

పిల్ల నా చేతిలోంచి పత్రం లాక్కోలేదు. పక్కకు వచ్చి, నా భుజం మీదుగా వంగి, నా వేలు ఆగినచోట తానే చదివింది. గోడ అవతలకు వినపడేటంత గట్టిగా చదివింది.

"సారా."